ఎదురుగా వచ్చి మాట్లాడు

ప్రార్థన హాలు వెనక గదులు
మార్చి 3

అక్కా,

ఈ సంగతి ఫోనులో చెబుదామనే చూశాను. మీ వర్క్‌షాపుకి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఎవరో అమ్మాయి, "ఆవిడ బయటికి వెళ్ళారండీ" అంది. పాపం, అబద్ధం చెప్పడం ఆ పిల్లకి ఇంకా అలవాటైనట్టు లేదు. ఇక ఉత్తరమే దిక్కయింది.

పెద్దమ్మ పోయింది.

పోయిన గురువారం పొద్దున పదింటికి. తొమ్మిది రోజులు మంచంలో ఉంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆ రోజు కాస్త తేరుకుని లేచి కూర్చుంది. రంగు బ్రష్షు ఎండిపోయిందని, కడుక్కురమ్మని సైగ చేసింది. కొళాయి దగ్గరికి వెళ్ళి కడుక్కుని వచ్చేసరికి లేదు. అంతే. రెండు నిమిషాలు కూడా అయి ఉండదు. బ్రష్షులోంచి నీళ్ళు నా పాదాల మీద కారుతున్నాయి, నేను అలా నిలబడే ఉన్నాను. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నట్టుంది నాకు.

జనం ఎంతమంది వచ్చారో చెప్పలేను. పాలు పోసేవాళ్ళు, తాపీమేస్త్రీ, బడి పంతులమ్మలు, మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు, పోస్టుమాను, ఆస్పత్రి ఆయా. వీళ్ళందరికీ పాట నేర్పింది ఒక్కత్తే. నలభై నాలుగేళ్ళు. "గొంతు లేనివాళ్ళు ఎవరూ ఉండరు, బయటికి తియ్యనివాళ్ళే ఉంటారు" అని వీపు మీద అరచెయ్యి వేసి పాడించేది కదా, అదే మాట తలుచుకుని అందరూ ఏడ్చారు. ఎవరింట్లో జబ్బున్నా పెద్దమ్మ వెళ్ళి మంచం పక్కన కూర్చోవాల్సిందే. తను కట్టిన పాటలు నూట పన్నెండు. హాలు గోడ మీద పాడేవాళ్ళ వరస వేస్తూ ఉండేది, గుర్తుందా? ఇప్పుడు ఆ గోడ మీద రెండొందల పైచిలుకు ముఖాలున్నాయి. చివరి ముఖానికి ఇంకా కళ్ళు వెయ్యలేదు.

జూన్ మొదటి ఆదివారం సంస్మరణ సభ పెడుతున్నారు. మన కమిటీ పెద్దాయన హాలు గుమ్మం పక్కన రాతి ఫలకం పెట్టిస్తానంటున్నారు. దాని మీద "ఒక్క అపశ్రుతినీ వదలని చెవి" అని చెక్కిస్తారట. నేను గ్లాసులు కడగాలని లేచాను.

నువ్వు రావాలి. అమ్మ పోయాక మనిద్దర్నీ చెరో చంకనేసుకుని పెంచింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ చెప్పులు విప్పకుండానే మాట్లాడి వెళ్ళావు. ఈసారి విప్పు.

నీ పిచ్చుక


కుట్టు వర్క్‌షాపు, రెండో అంతస్తు
మార్చి 12

పిచ్చుకా,

నీ ఉత్తరం భోజనాల వేళకి వచ్చింది. ఒకసారి చదివి మడిచి పెట్టేశాను. పెద్దమ్మ పోవడమేమిటి? ఆవిడ పోయే మనిషేనా? మళ్ళీ తీసి చదివాను. తర్వాత మిషను ముందు కూర్చుని వరసగా ఎనిమిది చొక్కాలకు చేతులు తిరగేసి కుట్టాను. ఇన్నేళ్ళ పనిలో ఒక్క చెయ్యి తిరగేసింది లేదు. నా కింద పనిచేసేవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు, నోరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఏడుపు రాలేదు. రానందుకే నాకు భయంగా ఉంది.

నీ ఫోనులకు లేనని చెప్పమంది నేనే. నువ్వు ఫోను చేస్తే పెద్దమ్మ సంగతులు తప్ప ఇంకో మాట ఉండదు. పెద్దమ్మ కొత్త పాట కట్టింది, పెద్దమ్మ గోడకు ఇంకో ముఖం వేసింది. వినే ఓపిక లేక అలా చెప్పించాను. ఇలాంటి కబురని తెలిస్తే తీసేదాన్నే. ఆ పాపం నాదే.

కానీ సభకు రాను.

ఎందుకో నీకు సగమే తెలుసు. ఆ సగం అందరికీ తెలుసు. హాలు వార్షికోత్సవం, ఊరంతా కూర్చుని ఉంది, నాకోసమని కట్టిన పాట. మొదటి చరణం పాడాను. రెండో చరణం ఎత్తుకుని నోరు తెరిచానో లేదో అరచెయ్యి పైకెత్తి ఆపేసింది. "శ్రుతి పోయింది, కూర్చో" అంది. తాపీమేస్త్రీ గొంతుకి చోటుంది, ఆస్పత్రి ఆయా గొంతుకి చోటుంది, చెల్లెలి కూతురి గొంతుకి మాత్రం చోటు లేదు. నా శ్రుతి పోలేదు పిచ్చుకా. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

రెండో సగం ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత పెట్టె సర్దుకుని బయల్దేరాను కదా, నువ్వు బడిలో ఉన్నావు. పెద్దమ్మ హాలు వరండాలో నిచ్చెనెక్కి గోడకు రంగు వేస్తోంది, వీపు నావైపు. గేటు దగ్గర ఆగి "పెద్దమ్మా" అని పిలిచాను. కదల్లేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి గొంతు చించుకుని పిలిచాను, అవతలి ఇంటావిడ కిటికీ తీసి చూసింది. పెద్దమ్మ బ్రష్షు మాత్రం ఆగలేదు. తిరిగి ఒక్క చూపు చూసి ఉంటే పెట్టె అక్కడే పడేసి లోపలికి వచ్చేసేదాన్ని. వెళ్ళొస్తానని చెప్పడానికి కాదు, ఆవిడ ఆపుతుందనే పిలిచాను.

ఆ వీపుకు దండ వెయ్యడానికి రానా? రాను.

అక్క


ప్రార్థన హాలు వెనక గదులు
మార్చి 24

అక్కా,

గేటు సంగతి రెండుసార్లు చదివాను. నువ్వు పిలిచావని నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని ఎలా ఉన్నావు? ఒక్క ముక్క నాకు రాసి ఉంటే ఎంత బాగుండేది. పెద్దమ్మ తిరిగి చూడకపోవడం గురించి నీతో మాట్లాడాలి. కానీ ఇప్పుడు కాదు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇక్కడ వేరే గొడవ వచ్చి పడింది. సభలో వాయించాలని, పెద్దమ్మ కాళ్ళతో తొక్కే పాత హార్మోనియాన్ని బాగుచేసే ఆయనకి చూపించారు. ఆయన పైచెక్క విప్పి, ఒక్కో మెట్టూ నొక్కుతూ వచ్చి, తలెత్తి, "పన్నెండు రీడ్లు చచ్చిపోయి ఉన్నాయి. నిన్నా మొన్నా పోయినవి కావు, మూడేళ్ళయినా అయి ఉంటుంది. దీన్ని ప్రతివారం ఎవరు వాయించారండీ?" అన్నాడు.

కమిటీ పెద్దాయన తడుముకోకుండా, "అవి రీడ్లు పోవడం కాదయ్యా, ఆమె మౌనాలు. పాట మధ్యలో భక్తితో ఆగేది. ఆ ఖాళీల్లో మేం పాడుకునేవాళ్ళం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు చెమ్మగిల్లిన కళ్ళతో తలూపారు. బాగుచేసే ఆయన మాత్రం ఊపలేదు. "భక్తి పైస్థాయిలో రెండు చోట్లా, కిందిస్థాయిలో పది చోట్లా ఎప్పుడూ అవే మెట్ల మీద వస్తుందా అండీ?" అని నావైపు చూశాడు. పక్కన కూర్చుని పేజీలు తిప్పేదాన్ని నేనే కదా.

నేను పాల గిన్నె పొయ్యి మీద ఉందని చెప్పి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

పిచ్చుక


కుట్టు వర్క్‌షాపు
ఏప్రిల్ 2

పిచ్చుకా,

మా దగ్గర గుడ్డ కత్తిరించే ఆవిడ ఒకావిడ ఉంది. పదేళ్ళుగా నా పక్క బల్లే. ఆవిడకు పుట్టుకతోనే వినపడదు. మనం మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడదు, పెదాలవైపు చూస్తుంది. నేను గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని ఏదైనా చెప్పబోతే బల్ల మీద ఒక్కటి కొట్టి, ముందు అవి తియ్యమంటుంది.

నిన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పనిచేస్తున్నాను. ఆ పన్నెండు రీడ్ల సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. ఏదో అడగాలని ఆవిడను వెనకనుంచి పిలిచాను. అలవాటులో పొరపాటు. పలకలేదు. అప్పుడు గుర్తొచ్చి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది పిచ్చుకా. తీయలేకపోయాను. ఆవిడ తిరిగి నా ముఖం చూసి బెదిరిపోయి కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

మనింట్లో ఒకే ఒక్క రూలు ఉండేది. "వెనకనుంచి పిలవడం మర్యాద కాదు. ఏం కావాలన్నా ఎదురుగా వచ్చి మాట్లాడు." బడినుంచి వచ్చి గుమ్మంలోంచి కేకేస్తే పలికేది కాదు, గర్వం అనుకునేవాళ్ళం. నేను కుట్టు నేర్చుకునేటప్పుడు నోట్లో సూదులు పెట్టుకుంటే తిట్టేది, మింగేస్తానని భయం అనుకున్నాను. నిన్ను ఎప్పుడూ వెంటబెట్టుకుని హాలుకి తీసుకెళ్ళి ముందు బల్ల మీద కూర్చోబెట్టేది. నువ్వంటేనే ముద్దు అనుకున్నాను.

పెద్దమ్మకు వినపడేదా?

కథలొద్దు. ఒక్క మాట రాయి.

అక్క


ప్రార్థన హాలు వెనక గదులు
ఏప్రిల్ 9

అక్కా,

వినపడేది కాదు.

పిచ్చుక


కుట్టు వర్క్‌షాపు
ఏప్రిల్ 15

ఏమే,

రెండు మాటలు రాయడానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందా నీకు?

మూడు రోజులు పనికి వెళ్ళలేదు. గదిలో గోడవైపు చూస్తూ కూర్చున్నాను. మూడుసార్లు పిలిచానే. మూడోసారి అవతలి ఇంటావిడకు కూడా వినపడింది. ఆ నిచ్చెన దగ్గరికి ఇరవై అడుగులు ఉంటుంది. ఇరవై అడుగులు నడిచి ఎదురుగా నిలబడి ఉంటే చాలు. రూలు ఉందిగా, రోజూ పాటించిన రూలే, ఆ ఒక్కరోజు పౌరుషానికి పోయి మర్చిపోయాను. ఆవిడ తిరగలేదని నేను ఇన్నేళ్ళు ఎవరితోనూ ఒక పూట కూడా నిలబడలేదు. ఎవరు పలకడం ఆలస్యమైనా లేచి వచ్చేసేదాన్ని. పెళ్ళి మాటలు రెండు అలాగే పోయాయి. ఇప్పుడు నువ్వు తీరిగ్గా వినపడేది కాదు అంటున్నావు!

ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టారు, సరే. అది ఊరి ఖర్మ. సొంత అక్క చెవిలో కూడానా? నేను పరాయిదాన్నా?

ఒక్క సంగతి మాత్రం ఎంత ఆలోచించినా తెగడం లేదు. వినపడని మనిషికి నా శ్రుతి పోయిందని ఎలా తెలిసింది? నేను పాడుతుంటే ఆవిడ చెయ్యి నా వీపు మీద లేదు, హార్మోనియం మీద ఉంది. కళ్ళు నామీద లేవు. ముందు బల్లవైపు ఉన్నాయి. ఆ బల్ల మీద నువ్వు ఉన్నావు.

చెప్పు. నన్ను ఆపమని ఎవరు చెప్పారు?

అక్క


ప్రార్థన హాలు వెనక గదులు
ఏప్రిల్ 27

అక్కా,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపేశాను. ఇది ఏడోది. ఇది చింపను.

నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు పెద్దమ్మకు పెద్ద జ్వరం వచ్చింది, నీకూ గుర్తుండే ఉంటుంది. ముందు కుడిచెవి పోయింది, ఏడాది తిరిగేసరికి రెండోదీ పోయింది. ఒకరోజు నేను పక్కన కూర్చుని పాడుకుంటుంటే నా గొంతు మీద చెయ్యి పెట్టి, "ఆపకు, పాడు" అంటూ ఏడ్చింది. అప్పుడు చెప్పింది. ఇది బయటపడితే పాట ఇంకొకరి చేతికి వెళుతుంది, ఈ గదులు హాలువాళ్ళవి, మనం ముగ్గురం వీధిన పడతాం. హార్మోనియం మూత మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. నీకు చెప్పొద్దా అని అడిగాను. "పెద్దదాని నోట్లో నువ్వుగింజ నానదు. దానికి పదహారు నిండనీ, నేనే చెబుతాను" అంది. నీకు పదహారు నిండాయి, పదిహేడూ నిండాయి. చెప్పలేకపోయింది. "నాకు వినపడకపోతే ఏమైందే, వినాల్సినవాడికి వినపడుతోంది కదా" అనేది హాలు పైకప్పు వైపు చూపించి. ఆ నమ్మకంతోనే నూట పన్నెండు పాటలు కట్టింది.

అప్పట్నుంచీ ఆవిడ చెవులు నేనే. మా ఇద్దరికీ మూడు సైగలు. నేను చెవి పట్టుకుంటే బాగుంది. గడ్డం ముట్టుకుంటే తొందరపడుతున్నారు. కాలరు లాగితే శ్రుతి పోయింది, ఆపు. కాలరు చాలా తక్కువసార్లు లాగాను. పెద్దమ్మకు ఎవర్నీ ఆపడం ఇష్టం ఉండేది కాదు, తప్పు పాడినా చరణం అయ్యేదాకా ఆగమనేది. కానీ వార్షికోత్సవం ముందు రోజు, "రేపు పెద్దది పాడుతోంది. దానికి ఒక్క మచ్చ కూడా రాకూడదు. ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే చెప్పు, ఆపి కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ మొదట్నుంచి ఎత్తిస్తాను" అంది.

ఆ రోజు నేను వేసుకున్న గౌను ఎవరు కుట్టారో గుర్తుందా? నువ్వే. నీ చేత్తో కుట్టిన మొట్టమొదటి గౌను. కాలరు నిటారుగా నిలబడాలని లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టావు. పొద్దుట్నుంచీ మెడ కోసుకుపోతోంది. నువ్వు కుట్టావని విప్పలేదు. నువ్వు రెండో చరణానికి నోరు తెరిచావు, నాకు మెడ దగ్గర మంట పుట్టింది, వేలు పెట్టి కాలరు లాక్కున్నాను.

అంతే అక్కా. దురద.

పెద్దమ్మ చెయ్యి పైకి లేచింది. నువ్వు కూర్చోలేదు, విసురుగా లోపలికి వెళ్ళిపోయావు. ఆ సాయంత్రం నువ్వు పెద్దమ్మ ఎదురుగా నిలబడి, "నా శ్రుతి పోలేదు" అన్నావు. పెద్దమ్మ నావైపు చూసింది. ఆవిడ నన్ను అడుగుతోంది. ఒక్క వేలితో చెవి పట్టుకుంటే సరిపోయేది. నేను నేల చూశాను. పదకొండేళ్ళు నాకు. దురదపుట్టి లాగానని చెబితే ఇక నన్ను నమ్మదని, నమ్మకపోతే పాట పోతుందని, ఇల్లు పోతుందని ఏవేవో అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది, దాచను. నువ్వు కూర్చుంటే తర్వాత పాడేది నేనే అని కూడా తెలుసు.

పాడాను కూడా. ముప్ఫై ఏళ్ళు నేనే పాడాను.

చివరి తొమ్మిది రోజుల్లో ఒకరోజు చెప్పేశాను. నా గొంతు మీద ఆవిడ చెయ్యి పెట్టుకుని, గౌను, కాలరు, నువ్వు, అన్నీ చెప్పాను. చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఉన్నాయి. పెదాలు చూడలేదు. అంటే చెప్పనట్టే. నా గొంతు తన చేతికింద అదురుతోందని తెలిసి చెంప మీద రెండుసార్లు తట్టింది, పాట అనుకుందేమో.

మొన్న పాటల పుస్తకాలు సర్దుతుంటే ఒక పుస్తకంలో రెండు పేజీలు కలిపి సూదీదారంతో కుట్టేసి ఉన్నాయి. విప్పాను. నీ పాట. మొదటి చరణం కింద గీత గీసి, "పెద్దది వచ్చాక ఇక్కణ్ణుంచి" అని రాసి పెట్టింది. ఆ పాట మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. నేను రెండుసార్లు అడిగాను, "అది నీది కాదు" అంది. రెండో చరణం ఇదీ:

ఆలస్యమైనా పరవాలేదు,
అరుగు మీద నీ చోటుంది.

గోడ మీద మొదటి వరసలో ఒక అమ్మాయి అందరికంటే పెద్దగా నోరు తెరిచి ఉంటుంది. ఇక్కడి పిల్లలు ఆమెను ఆవలింత అక్క అంటారు. అది ఆవలింత కాదు, "ఆ" దగ్గర ఆగిన నోరు. అది నువ్వు. నువ్వు గేటు దగ్గర పిలిచినప్పుడు నిచ్చెన మీద పెద్దమ్మ వేస్తున్నది ఏ ముఖమో నాకు తెలుసు, ఎందుకంటే ఆ సాయంత్రం బడినుంచి వచ్చేసరికి దాని రంగు ఇంకా తడిగా ఉంది.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

పిచ్చుక


ప్రార్థన హాలు వెనక గదులు
మే 16

అక్కా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాదనే అనుకున్నాను.

నేను అందరికీ చెప్పేశాను. ఆదివారం పాటలయ్యాక లేచి నిలబడి, పెద్దమ్మకు ముప్ఫై మూడేళ్ళుగా వినపడేది కాదని, చెవులు నేనేనని, నిన్ను ఆపింది శ్రుతి కాదు, నా మెడ దురదని చెప్పాను. కమిటీ పెద్దాయన మెట్ల మీద కూలబడిపోయారు. కాసేపటికి, "మరి నా గొంతు గంభీరంగా ఉంటుందని ఇరవై ఏళ్ళుగా అంటూ వచ్చింది, అది ఎవరన్నారమ్మా?" అని అడిగారు. నేనేనండీ అన్నాను. "నిజమేనా?" అన్నారు. నిజమేనండీ అన్నాను. దేవుడు మన్నించాలి.

ఆస్పత్రి ఆయా ఒక్కత్తే లేచి వచ్చి, "వినపడకపోయినా మా అందర్నీ వినేది కదమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. అందరూ అంత మంచిగా లేరు. కొందరు మోసం అన్నారు. ఇద్దరు వెళ్ళిపోయారు. ఫలకం మీద ఏం చెక్కాలో పెద్దాయనకు పాలుపోవడం లేదు, రాయి ఖాళీగా గోడకు ఆనించి ఉంది.

హార్మోనియం రీడ్ల సంగతి కూడా అడిగారు. మూడేళ్ళ కిందటే పెద్దమ్మకు చెప్పాను. "బాగుచేసేవాణ్ణి పిలిస్తే ఒక్కో మెట్టూ నొక్కి, వినండి అంటాడు. అప్పుడు ఏం చెయ్యను?" అంది. అందుకని పిలవలేదు.

సభ జూన్ మొదటి ఆదివారమే. నీ కుర్చీ వేసి ఉంచుతాను.

పిచ్చుక


కుట్టు వర్క్‌షాపు
మే 24

పిచ్చుకా,

నీ పెద్ద ఉత్తరం చదివిన రోజు నిన్ను చంపేయాలనిపించింది. ఇది అబద్ధం కాదు. దురద! ఒక మనిషి బతుకు దురదకి దారి తప్పుతుందా? గదిలో అటూ ఇటూ తిరుగుతూ దురద, దురద అని పైకే అన్నాను. అని అని, ఎక్కడో మధ్యలో నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపు అందుకుంది. మార్చిలో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. గుడ్డ కత్తిరించే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఎదురుగా నిలబడి ఆవిడకు మొత్తం చెప్పాను. నా పెదాలు చూస్తూ అంతా విని, చివర్లో తన సంచిలోంచి బక్రం గుడ్డ ముక్క తీసి నా మెడకు రుద్దింది. అమ్మో! ఇంత గరుకు గుడ్డ పదకొండేళ్ళ పిల్ల మెడకు పెట్టానా నేను? రెండు పొరలు పెట్టాను పిచ్చుకా. ఒకటి చాలని తెలీదు, అప్పుడే నేర్చుకుంటున్నాను.

నేల చూసినందుకు నిన్ను ఇంకా క్షమించలేదు. అది మెల్లగా చూద్దాం, ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. పదకొండేళ్ళ దానిమీద ఊరంత బరువు పెట్టినందుకు పెద్దమ్మ మీద కూడా కోపంగానే ఉంది. ఆ కోపం ఎవరితో చెప్పుకోను? ఇప్పుడు నిజంగానే వినపడదు.

కానీ ఆవిడ నన్ను చూస్తూనే ఉందన్నమాట. నేను ఆవిడ వీపును పిలుస్తున్నంతసేపూ ఆవిడ నా ముఖం వేస్తూ ఉంది.

శనివారం బండికి వస్తున్నాను. గేటు దగ్గర పిలవను, లోపలికి వచ్చేస్తాను. నా పాట మొదట్నుంచి పాడను. ఆ మొదటి చరణం ఊరు ఒకసారి విన్నదే. గీత గీసిన దగ్గర్నుంచి పాడతాను, "ఆ" నుంచి. ముప్ఫై ఏళ్ళుగా గొంతు విప్పలేదు, ఈసారి శ్రుతి నిజంగానే పోతుంది, పోనీ. ఆ రాయి మీద ఏమీ చెక్కించవద్దని పెద్దాయనకు చెప్పు, ఖాళీగానే నిలబెట్టమను.

నీకు కొత్త గౌను కుట్టి తెస్తున్నాను. కాలరు పెట్టలేదు. అయినా నీమీద నమ్మకం లేదు. నేను పాడుతున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు.

అక్క